వియ్యంకులిద్దరం కట్టిన వ్యాను

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెండు పనులూ నేను చేశాను. ఇల్లు కురవలేదు, పెళ్ళి చెడలేదు. అయితే వియ్యంకుడితో కలిసి వ్యాను కట్టి చూడమని మాత్రం పెద్దలు ఎక్కడా అనలేదు. ఎందుకు అనలేదో ఇప్పుడు నాకు తెలుసు. ఆ పని చేసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఆ తరువాత నలుగురిలో కూర్చుని సామెతలు చెప్పే మొహం ఆయనకు మిగిలి ఉండదు.

నాకు కాస్త మిగిలింది. దానితోనే ఇది రాస్తున్నాను. మీరు మొహమాటపడకుండా నవ్వండి. మా ఇంట్లో వాళ్ళందరూ నవ్వడం అయిపోయింది, మా వీధి కూడా నవ్వేసింది, ఇక మిగిలింది మీరే.

నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు బలపంతో అక్షరాలు దిద్దుకునే రాతి పలకలు. నా కళ్ళముందు తయారైన పలకల మీద ఎంతమంది ఓనమాలు నేర్చుకున్నారో ఆ సరస్వతికే తెలియాలి. ఇన్నేళ్ళు రాయితో కాపురం చేసిన మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో ఏ సమస్య వచ్చినా, దానికి సరిపోయే రాయి ఎక్కడో ఉంటుందని అనిపిస్తుంది. ఇంకో జబ్బు డైరీ. వాన పడితే పడిందని రాస్తాను, పడకపోతే పడలేదని రాస్తాను. మా వైపు ఎక్కువగా రెండోదే రాయవలసి వస్తుంది. ఏ పనికైనా కొలత ఉండాలి, వరుస ఉండాలి, ఆ పైన దేవుడి దయ ఉండాలి అనేది నా పద్ధతి. ఈ కథలో కొలతా ఉంది, వరుసా ఉంది. దేవుడు మాత్రం గుట్ట మీద ఉన్నాడు. అక్కడికి ఎక్కలేకపోవడమే కథ.

మా అమ్మాయి సునీతను గిద్దలూరు ఇచ్చాం. వియ్యంకుడు వెంకటసుబ్బయ్యగారు. కలప అడితి ఉంది. టేకు అన్నా, వేప అన్నా, ఆయన ఒక్కసారి వేలితో కొట్టి చెట్టు వయసు చెబుతారు. బంగారం లాంటి మనిషి. అక్కడే వచ్చింది చిక్కు.

వియ్యంకుల మధ్య మర్యాద అనేది మా వైపు నిప్పులాంటిది. దగ్గరగా ఉండాలి, ముట్టుకోకూడదు. ఒకసారి నేను వాళ్ళింటికి పోతే కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు పడింది. నేను చప్పుడు చేయకుండా తాగాను. "ఇంకొంచెం పోయమంటారా బావగారూ?" అన్నారాయన. "మీ ఇష్టం బావగారూ" అన్నాను. ఇంకొంచెం పోశారు. అదీ తాగాను. ఆ తరువాత ఆయన తన గ్లాసు నోట పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూసి, నేను తాగాను కాబట్టి తానూ కడదాకా తాగారు. మా ఇద్దరి స్నేహం అలాంటిది. ఉప్పు తిన్న విశ్వాసం అంటారే, మేము తాగాం కూడా.

ఇక మనవడు చరణ్. వాడికి మూడో ఏడు నడుస్తోంది. పుట్టువెంట్రుకలు ఇంకా తీయించలేదు. మొదటి ఏడు వాళ్ళ ఇంట్లో ఎవరో పోయారు, మైల వచ్చింది. రెండో ఏడు సరి సంవత్సరం, పనికిరాదు. మూడో ఏడు ఇవాళ రేపు అంటూ చివరికి వచ్చింది. వాడి జుట్టు భుజాలు దాటి నడుము వైపు ప్రయాణం మొదలుపెట్టింది. వాళ్ళ నానమ్మ ఓబుళమ్మగారు ఆ జుట్టును రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, పండగ పూట పూలు కూడా పెట్టేది. ఫలితంగా వాడిని చిన్నబడిలో చేర్చిన వారానికే కృష్ణాష్టమి వేషాల్లో గోపికల వరుసలో నిలబెట్టారు. దుకాణంలో బిస్కెట్లు ఇచ్చే ఆమె "ఏం పాపా" అంటే వాడు ఏడ్చేవాడు. ఇంటికి ఎవరు వచ్చినా వాడు అడిగే ప్రశ్న ఒకటే. "నాకు గుండు ఎప్పుడు?"

అయ్యవారు పంచాంగం చూసి కుండబద్దలు కొట్టారు. "ఈ నెలలో ఒకే ఒక ముహూర్తం ఉండాది. అది దాటితే మూఢం. మూఢం పోయేసరికి పిల్లోడికి నాలుగో ఏడు పడతాది. ఇంక ఐదో ఏటనే."

ఐదో ఏడు అనగానే మా సునీత కళ్ళు తిరిగినంత పని అయింది. రోజూ పొద్దున ఆ జుట్టు చిక్కు తీసేది తనే మరి. "నాయనా, ఇంకో ఏడాది పైన నేను పడలేను. వాడు ఏడుస్తాడు, నేను ఏడుస్తాను, దువ్వెన విరుగుతాది" అంది.

వాళ్ళ ఇంటిదేవుడు నరసింహస్వామి. కొనకనమిట్ల దాటిన తరువాత ఒక చిన్న గుట్ట మీద ఉంటాడు. గుట్టకు ఒక పక్క మెట్లు, ఇంకో పక్క సిమెంటు రోడ్డు. రెండు కుటుంబాలూ కలిసి పోవాలి. అప్పుడే వెంకటసుబ్బయ్యగారు ఒక మాట అన్నారు.

"బావగారూ, ఆటోల్లో ముడుచుకొని పోయేది ఎన్నాళ్ళు? మనమిద్దరం కలిసి ఒక వ్యాను చేయించుకుంటే పోలా? పండక్కీ పబ్బానికీ రెండిళ్ళకూ పనికొస్తాది."

"మీ ఇష్టం బావగారూ" అన్నాను.

పాఠకులు ఈ మూడు మాటలూ గుర్తు పెట్టుకోవాలి. మా ఇద్దరి మధ్య ఎంత నష్టం జరిగినా ఈ మూడు మాటలతోనే జరిగింది.

ఒక పాత వ్యాను దొరికింది. ఇంజను చిన్నదే అయినా మంచిది, చక్రాలు మంచివి. ఒళ్ళు మాత్రం తుప్పు పట్టి, నేలలో నుంచి రోడ్డు, పైకప్పులో నుంచి ఆకాశం కనబడేవి. దాన్ని మార్కాపురంలో వెల్డింగ్ మస్తాన్ షెడ్డులో పెట్టించాం. పని పంచుకున్నాం. నేల నా వంతు, పైకప్పు ఆయన వంతు. సీట్లు, కిటికీలు మస్తాన్ వంతు. మస్తాన్ ఎవరు ఏమి అడిగినా "చేద్దాం సార్, దాందేముంది" అనే మనిషి. నీళ్ళ మీద నడిచే బస్సు కావాలన్నా "చేద్దాం సార్" అంటాడు. అలాంటివాడి చేతిలో ఇద్దరు మర్యాదస్తులైన వియ్యంకులు పడితే ఏమవుతుంది? కోతికి కొబ్బరికాయ దొరికితే పగలగొట్టే రాయి కోసం వెతుక్కోవాలి. ఇక్కడ రాయి నా దగ్గరే ఉంది.

రేకు నేల వేస్తే ఎండకు పెనంలా కాలుతుందని నా ఆలోచన. మార్కాపురం ఎండలో అట్టు పోయడానికి పొయ్యి అక్కరలేదు. చల్లగా ఉండేదేమిటి? రాయి. ఏ రాయి? పలకరాయి. రాత్రంతా కాగితాల మీద గీసి, పొద్దున్నే షెడ్డుకు పోయాను.

"మస్తాన్, నేల మీద పలకరాళ్ళు పరచాల."

"పరుద్దాం సార్, దాందేముంది. కింద ఇసుక పోసుకుందామా?"

"పోసుకోవాల. లేకుంటే ఎగుడుదిగుడు వస్తాది. సందుల్లో సిమెంటు."

"ఇంట్లో పరిచినట్టే."

"అచ్చం ఇంట్లో పరిచినట్టే" అన్నాను గర్వంగా. ఆ గర్వాన్ని ఇప్పుడు తలుచుకుంటే నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మా అబ్బాయి శీను సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు, బండ్లు కూడా బాగా నడుపుతాడు. వాడు షెడ్డుకు వచ్చి, పరిచిన రాళ్ళను చూసి, బండి కిందికి వంగి చూసి, మళ్ళీ లేచి నన్ను చూశాడు.

"నాయనా, ఇది బండి. మిద్దె కాదు."

"బరువుంటే నిలకడగా ఉంటాదిరా. గాలికి ఊగదు."

"గాలికి ఊగదు సరే, యాక్సిలేటరుకు కదలాల గదా?"

"నువ్వు ఊరకుండు. పలకల సంగతి నాకు తెలీదా?"

పలకల సంగతి నాకు తెలుసు. బండి సంగతే తెలియదు. ఆ ముక్క వాడు అనలేదు. పెద్దవాళ్ళను అనకూడదని మేమే నేర్పాం.

ఆ వారంలోనే గిద్దలూరు నుంచి టేకు దిగింది. వెంకటసుబ్బయ్యగారు స్వయంగా వెంట వచ్చారు. నేను పలచటి చెక్కలు వస్తాయేమో అనుకున్నాను. వచ్చినవి దూలాలు. పాతకాలం మిద్దెల్లో వేసేవి. వాటి మీద చెక్కలు వరుసగా పరిచి మేకులు కొడతారట. నాకు గుండె జారింది. ఆయన నా నేలను చూశారు. ఆయనకూ జారినట్టే ఉంది, కండువాతో మొహం తుడుచుకున్నారు.

"నేల దివ్యంగా ఉంది బావగారూ" అన్నారు.

"పైకప్పు అంతకన్నా దివ్యంగా ఉంటాది బావగారూ" అన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆయన అంత లావు దూలాలు తెచ్చిన తరువాత, నా పలకలు నాకే పలచగా, పీనాసిగా కనిపించాయి. అమ్మాయిని ఇచ్చినవాళ్ళం, మా వైపు తక్కువ కాకూడదు కదా. పరిచినవి తీయించి, వాటికన్నా దళసరివి పరిపించాను. మరుసటి వారం ఆయన వచ్చి దళసరి పలకలు చూసి వెళ్ళి, ఇంకో దూలం పంపించారు. నేను నేలకు చుట్టూ రాతి అంచు కట్టించాను. ఆయన పైకప్పుకు చుట్టూ చెక్కడపు పట్టీ కొట్టించారు. మర్యాదకు మర్యాద. కొండంత రాగం అంటారే, మాది కొండంత బరువు.

ఓబుళమ్మగారు ఒకసారి చూడడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది.

"అన్నయ్యా, గడప యాడ?" అంది నాతో.

"వ్యానుకు గడప ఉండదు చెల్లెమ్మా."

"నేల ఉండాది, మిద్దె ఉండాది, గడప లేకుంటే ఎట్ల? లక్ష్మీదేవి యాడ నిలబడతాది?"

నేను వెంకటసుబ్బయ్యగారి వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. మస్తాన్ "పెడదాం సార్, దాందేముంది" అన్నాడు. టేకు గడప వచ్చింది. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన మామిడాకులు కట్టారు. మా ఆవిడ రంగమ్మ అంతా తిరిగి చూసి, ఒకే ఒక మాట అంది.

"పాలు పొంగించి కాపురానికి పోవచ్చు. ఇంజను ఉందో లేదో మాత్రం చూసినారా?"

ఆ రోజు డైరీలో 'వ్యాను పూర్తయినది. దివ్యము' అని రాసుకున్నాను. షెడ్డు నుంచి మా వీధికి శీనే తోలుకొచ్చాడు. దారి పల్లం కావడంతో జారుకుంటూ వచ్చేసింది. అదే మాకు పరీక్ష. రథం బాగా నడుస్తోందని వియ్యంకులిద్దరం ఒకరినొకరు అభినందించుకున్నాం. పల్లంలో బండరాయి కూడా బాగా నడుస్తుందనే సంగతి అప్పుడు తట్టలేదు.

ముహూర్తం రోజు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు లోపల వెంట్రుకలు తీయాలి. అల్లుడు పొద్దున్నే మోటారుసైకిల్ మీద గుట్టకు పోయి పూజారినీ మంగలినీ సిద్ధం చేసి కూర్చున్నాడు. మిగిలిన మేమందరం వ్యానులో. శీను స్టీరింగు దగ్గర. మేనమామ ఒడిలోనే కదా పిల్లవాడు కూర్చోవాలి, కాబట్టి వాడు తప్పనిసరి. చరణ్‌కు ఆఖరిసారి రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టారు. వాడు గడప దాటేటప్పుడు ముగ్గురు ఆడవాళ్ళూ "కుడికాలు, కుడికాలు" అన్నారు.

ఎక్కగానే బండి నిట్టూర్చింది. శీను కిందికి దిగి టైర్లు చూసి వచ్చాడు.

"చపాతీలు అయినాయి" అన్నాడు.

"గాలి తక్కువేమో" అన్నారు వెంకటసుబ్బయ్యగారు.

"గాలి ఉండాది మామా. ఊపిరే లేదు."

పొదిలి రోడ్డు ఎక్కాం. నేల నిజంగానే చల్లగా ఉంది. ఆ మాట ఎవరూ అనకపోవడంతో నేనే అన్నాను. పైకప్పు కింద వేడి తగలడం లేదు. ఆ మాట ఎవరూ అనకపోవడంతో అదీ నేనే అన్నాను, వియ్యంకుడి కోసం. ఆయన వెంటనే నేల చల్లదనాన్ని మళ్ళీ పొగిడారు. ఇలా మేము పొగుడుకుంటూ ఉండగా మమ్మల్ని లారీలు దాటిపోయాయి. ఆటోలు దాటిపోయాయి. టీవీఎస్ మీద గడ్డిమోపు పెట్టుకున్న ముసలాయన దాటిపోతూ, ఏమైనా సాయం కావాలా అన్నట్టు చూశాడు. చివరికి వెనక నుంచి గంటల చప్పుడు. గొర్రెల మంద. గొర్లాయన కర్ర భుజాన పెట్టుకుని కిటికీ పక్కనే నడుస్తూ పలకరించాడు.

"అన్నా, కొంచెం పక్కకు తీస్తారా? గొర్రెలు పోవాల."

"మేము పోతానే ఉన్నాం గదప్పా" అన్నాను.

"పోతున్నారా? నిలబడినారు అనుకున్నా" అని, మందను మా రెండు పక్కల నుంచీ తోలుకుపోయాడు. చరణ్ కిటికీలో నుంచి చేయి పెట్టి గొర్రెపిల్లను నిమిరాడు. అది కూడా వాడిని దాటిపోయింది. ఆ మందకు ఈమధ్యే ఉన్ని కత్తిరించినట్టున్నారు, ఒళ్ళు నున్నగా ఉన్నాయి. వాడు వాటినే చూస్తూ "వీటికి అయిపోయింది" అన్నాడు దిగులుగా.

ఎలాగో గుట్ట కిందికి చేరాం. ముహూర్తానికి ఇంకా గంట పైనే ఉంది. గుట్ట రోడ్డు పొడుగు కాదు, కానీ గోడకు ఆనించిన నిచ్చెనలా ఉంటుంది. శీను మొదటి గేరు వేసి, స్వామిని తలుచుకుని వదిలాడు. బండి కోపంగా అరిచింది, పొగ వదిలింది, సగం దాకా ఎక్కింది. అక్కడ ఆగింది. తరువాత మెల్లగా, పెద్దమనిషి తరహాలో, వెనక్కి రావడం మొదలుపెట్టింది.

"రాళ్ళు, రాళ్ళు" అని అరిచాడు శీను బ్రేకు మీద నిలబడి.

"ఉన్నాయిరా, బండి నిండా" అంది మా ఆవిడ.

వెంకటసుబ్బయ్యగారూ నేనూ దూకి, రోడ్డు పక్క బండలు తెచ్చి చక్రాల వెనక పెట్టాం. అందరూ దిగారు. దిగినా బండి ఎక్కలేదు. శీను చెమట తుడుచుకుంటూ చెప్పాడు.

"నాయనా, మామా, ఇద్దరూ వినండి. దీంట్లో నుంచి ఇల్లు తీసేస్తే మనుషులు ఎక్కచ్చు. ఇల్లుంటే మనుషులు ఎక్కలేరు. యాదో ఒకటి తీయాల. నేలన్నా, పైకప్పన్నా."

నిజానికి ఇంకో దారి ఉంది. మెట్లు. పది నిమిషాల నడక. కానీ అంత కష్టపడి కట్టిన వ్యానును సగంలో వదిలి మెట్లెక్కి పోవడం ఎవరికి అవమానం? ఆయనకు నేను చేసిన అవమానం, నాకు ఆయన చేసిన అవమానం. అలా జరగడానికి వీల్లేదు. వ్యాను స్వామి వాకిట్లోకి పోవాలి, మనవడు గడప దాటి దిగాలి.

"బావగారూ, ముందు నా పలకలు తీస్తాను" అన్నాను.

"ఎంతమాట బావగారూ. మీ నేల కదిలించేదే లేదు. ముందు నా దూలాలు తీయిస్తా."

"మీ టేకు ముట్టుకుంటే నా చేతులు పడిపోతాయి. పలకలే తీయాల."

"అమ్మాయిని ఇచ్చినవాళ్ళు. మీ నేల తీసి మా కొంపలో కాలు ఎట్ల పెట్టమంటారు? టేకే తీయాల."

"పలకలే."

"టేకే."

అల్లుడి దగ్గరి నుంచి ఫోను వచ్చింది. "మామా, యాడ దాకా వచ్చినారు? పూజారి తొందర పెడుతున్నాడు."

"వచ్చేసినాం, సగం గుట్ట ఎక్కినాం" అన్నాను. అబద్ధం లేదు.

వాదన ఎటూ తేలకపోవడంతో మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. "ఇద్దరూ చెరొకటి తీయండి. తొందరగా కానీండి" అంది. ఇద్దరమూ ఒప్పుకున్నాం. ఆయన కత్తీ సుత్తీ ఉన్న సంచి తెచ్చుకుని పైకప్పు మీదికి ఎక్కారు. నేను జాకీ రాడ్డు పట్టుకుని నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను.

ఇక్కడ నా పద్ధతి గురించి చెప్పాలి. పలకలు ఎలా పడితే అలా పీకి పారేస్తే మళ్ళీ ఎలా అమరుస్తాం? నా జేబులో ఎప్పుడూ బలపం ఉంటుంది. ప్రతి పలక తీసే ముందు దాని మీద వరుస నంబరు వేశాను. తీసిన దాన్ని రోడ్డు పక్కకు మోసుకుపోయి, దుమ్ము తుడిచి, అంకె పైకి కనబడేలా పేర్చాను. పైనుంచి వెంకటసుబ్బయ్యగారు చూసి, "బావగారూ, ఆ బలపం ఒకసారి ఇస్తారా" అన్నారు. ఆయనా దూలాలకు నంబర్లు వేయడం మొదలుపెట్టారు. ఆయన అంత శ్రద్ధగా వేస్తుంటే నేను దిక్కు కూడా గుర్తు పెట్టాను. నేను దిక్కు పెడుతుంటే ఆయన ప్రతి మేకూ వంకర తీసి సంచిలో వేసుకున్నారు.

మధ్యలో మా ఆవిడ గొంతు వినబడింది.

"ఏమయ్యా, మేము పోతున్నాం."

"ఆగండి, ఇంకో రెండు వరసలే" అన్నాను తల ఎత్తకుండా.

"వినబడిందా? పోతున్నామని చెబుతున్నా."

"ఊఁ, ఊఁ. ఆ అంచు రాయి పట్టు కొంచెం."

ఎవరూ పట్టలేదు. నేనే పట్టుకున్నాను. ఓబుళమ్మగారు కూడా ఏదో చెప్పినట్టుంది, పైనుంచి వెంకటసుబ్బయ్యగారు "అట్లనే, అట్లనే" అన్నారు. తరువాత చుట్టూ మంచి నిశ్శబ్దం. పని చేసుకోవడానికి అనువుగా ఉంది. ఆడవాళ్ళు ఎప్పుడూ ఇలా సహకరిస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాను కూడా.

మళ్ళీ అల్లుడి ఫోను. నేను ఎత్తగానే హడావిడిగా "అయిపోవస్తాంది అల్లుడూ, ఇసుక ఎత్తిపోస్తున్నాం" అన్నాను.

"ఏం తొందర లేదు మామా" అన్నాడు చాలా నిదానంగా. "మీరు నిమ్మళంగా కానీండి."

ఫోను పెట్టి పైకి చూశాను. "చూసినారా బావగారూ? ముహూర్తం ముంచుకొస్తున్నా ఒక్క మాట విసుక్కోలేదు. మీ పెంపకం."

"మీరు పిల్లనిచ్చిన వేళావిశేషం" అన్నారాయన పైనుంచి.

చివరి పలక తీశాను. ఆయన చివరి దూలం దించారు. గడప ఊడదీసేటప్పుడు ఇద్దరమూ దణ్ణం పెట్టుకున్నాం. వ్యాను ఎముకల గూడులా నిలబడింది. స్టీరింగు, సీట్లు, కిటికీ చట్రాలు మిగిలాయి. మా ఒంటి నిండా ఇసుక, చెక్కపొట్టు. కానీ మనసు తేలికగా ఉంది. ఇప్పుడు శీను వచ్చి తోలితే పక్షిలా ఎగిరిపోతుంది.

వెనక్కి తిరిగాను. వ్యాను ముందర ఒక గుండు పిల్లవాడు నిలబడి ఉన్నాడు. తల నిండా గంధం, చేతిలో కొబ్బరి ముక్క. మమ్మల్ని చూస్తూ నములుతున్నాడు.

"పక్కకు జరుగు నాయనా" అన్నాను. "బండి కదులుతాది."

"తాతా" అన్నాడు వాడు.

మా వైపు తెల్లజుట్టు కనబడితే దారిన పోయే పిల్లలందరూ తాతా అనే అంటారు. అది నాకు పేరు కాదు, వయసు. అందుకని పట్టించుకోలేదు.

"మీ వాళ్ళు యాడ ఉన్నారు? పో, వాళ్ళ దగ్గరికి పో. మాకు ముహూర్తం దాటిపోతాంది, మా మనవడికి వెంట్రుకలు తీయించాల."

"తాతా, నాకు గుండు" అన్నాడు ఆనందంగా, తల మీద చెయ్యి పెట్టుకుని.

"బాగుంది. చాలా బాగుంది. మావోడికి కూడా ఇప్పుడు అదే చేయించాల. జరుగు."

వెంకటసుబ్బయ్యగారు దగ్గరికి వచ్చి, పిల్లవాడి గుండు నిమిరి, జేబులో నుంచి చాక్లెట్టు తీసి ఇచ్చారు. "ఎవరి పిల్లోడో పాపం, తప్పిపోయినట్టుండాడు. మీ నాయన పేరేంది అబ్బాయ్?"

వాడు బిత్తరపోయి చూసి, తన తండ్రి పేరు చెప్పాడు.

"మా అబ్బాయిదీ అదే పేరు" అన్నారు వెంకటసుబ్బయ్యగారు నాతో, ఇది కూడా ఒక వింతే అన్నట్టు.

అప్పుడు నవ్వు వినబడింది. ముందు ఒకరిది, తరువాత అందరిదీ. తిరిగి చూస్తే రోడ్డు పక్కన, నేను నంబర్లు వేసి పేర్చిన పలకల మీద, మొత్తం కుటుంబం వరుసగా కూర్చుని పులిహోర తింటోంది. మా ఆవిడ, ఓబుళమ్మగారు, సునీత, శీను, అల్లుడు. అందరి నుదుటనా కుంకుమ. పలకలు బాగా చల్లగా ఉన్నాయని తరువాత చెప్పారు.

ఎప్పుడో మెట్లెక్కి పోయారట. ముహూర్తం ఇంకా ఉండగానే శీను ఒడిలో కూర్చోబెట్టి వెంట్రుకలు తీయించారట. వాడు ఏడవలేదట, నవ్వాడట. దర్శనం అయింది, కొబ్బరికాయ అయింది, ప్రసాదం కూడా సగం అయింది.

నేను గుండు పిల్లవాడి వైపు మళ్ళీ చూశాను. చెవులు మా సునీతవి. ముక్కు వెంకటసుబ్బయ్యగారిది. ఇన్నాళ్ళూ ఆ జడల వెనక ఒక మొహం ఉందని ఎవరూ నాకు చెప్పలేదు.

ఓబుళమ్మగారు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వదినా, ఇద్దరు తాతలు ఉండి ఒక్కరన్నా గుర్తుపట్టలేదే."

మా ఆవిడ పులిహోర ఆకు మడిచి, చాలా శాంతంగా చెప్పింది.

"తొందరేముంది వదినా? వీళ్ళిద్దరూ ఇట్లనే మర్యాదలు చేసుకుంటా ఉంటే, పిల్లోడికి మళ్ళా జుట్టు పెరుగుతాది. అప్పుడు గుర్తుపడతారులే."

వ్యాను ఆ రోజు గుట్ట ఎక్కింది. శీను ఒక్కడే తోలుకుని పైదాకా పోయి, స్వామికి చూపించి, తిప్పుకొచ్చాడు. పక్షిలాగే ఎగిరింది. తరువాత వాడు మస్తాన్ దగ్గర కూర్చుని రేకు నేల, రేకు పైకప్పు వేయించాడు. ఎండాకాలంలో కాళ్ళు కాలుతాయి, నెత్తి మాడుతుంది, బండి మాత్రం నడుస్తుంది. మమ్మల్నిద్దరినీ షెడ్డు గేటు దాటి లోపలికి రానివ్వకూడదని మస్తాన్‌కు చెప్పాడు. "అట్లనే చేద్దాం, దాందేముంది" అన్నాడట ఆ విశ్వాసఘాతకుడు.

చరణ్ ఇప్పుడు పెద్ద బడికి పోతున్నాడు. జుట్టు కొంచెం పెరగగానే తనే పోయి మంగలి దుకాణంలో కూర్చుంటాడు.

ఇంతటి అప్రతిష్ఠ తరువాత మనిషన్నవాడు ఒక ప్రమాణం చేయకపోతే ఎలా? మేమిద్దరమూ ఆ మధ్య అదే స్వామి గుడికి, బస్సులో, పోయాం. పొద్దున్నే స్నానం చేసి, కొత్త పంచెలు కట్టుకుని, చేతిలో కర్పూరం వెలిగించుకుని సన్నిధిలో నిలబడ్డాం. ఇకమీదట చక్రాలున్న వస్తువు దేనికీ, అది వ్యాను కానీ, తోపుడుబండి కానీ, పిల్లల మూడు చక్రాల సైకిలు కానీ, వియ్యంకుడితో కలిసి నేల గానీ, పైకప్పు గానీ, గడప గానీ కట్టబోనని ప్రమాణం. మాటలన్నీ నేను ముందే డైరీలో రాసుకుని వల్లె వేసుకున్నాను.

"ముందు మీరు చేయండి బావగారూ" అన్నాను.

"ఎంతమాట. ముందు మీరు" అన్నారాయన.

"పెద్దవారు మీరు."

"అమ్మాయిని ఇచ్చినవారు మీరు."

కర్పూరం అయిపోయింది. పూజారి తలుపులు వేసేశాడు. ప్రమాణం ఇంకా అలాగే ఉంది.